కడుపులో బిడ్డ కిడ్నీలో నీరు: డిశ్చార్జి కాగితంలో ఆ ముక్క ఏదీ?

సంపాదకులకు నమస్కారం.

నేను పిల్లల డాక్టర్ని. నెలల పసివాడు జ్వరంతో వస్తాడు, పరీక్ష చేస్తే మూత్రంలో ఇన్ఫెక్షన్. కడుపులో ఉండగా స్కాన్‌లో ఏమైనా చెప్పారా అంటే, తల్లి టీకాల కార్డు మడతలోంచి టిఫా (అయిదో నెలలో బిడ్డ అవయవాలు చూసే స్కాన్) రిపోర్టు తీస్తుంది. "ఎడమ కిడ్నీలో కొద్దిగా నీరుందన్నారండీ. పుట్టాక చక్కగా పోస్తున్నాడు కదా అని వదిలేశాం." ఈ మాట తరచూ వింటుంటాను. ఆ నీరంటే కిందికి దిగక నిలిచిన మూత్రమే. ఒక కిడ్నీకి అడ్డున్నా రెండోది పనిచేస్తుంటే బిడ్డ బాగానే పోస్తాడు. తడిసిన గుడ్డలు చూసి తేల్చే సంగతి కాదిది.

అలాగని అయిదో నెలలో ఆ మాట వినగానే బెంబేలెత్తిపోనక్కర్లేదు. కిడ్నీ నడుమ మూత్రం చేరే తిత్తి కొలత గర్భం 28 వారాలలోపు 4 మిల్లీమీటర్ల కన్నా, ఆ తర్వాత 7 కన్నా తక్కువుంటే మామూలే. కాస్త ఎక్కువున్నా చాలామందిలో దానంతటదే సర్దుకుంటుంది. కానీ 'స్వల్ప వాపు' అని రాసి ఊరుకున్న రిపోర్టుతో మేమేం చేసుకోవాలి? ఎన్ని మిల్లీమీటర్లు, ఎన్నో వారం అనేది ఉండాలి. 8 మిల్లీమీటర్లంటే అయిదో నెలలో గట్టిగా పట్టించుకోవాలి, ఎనిమిదో నెలలో అంత కంగారు అక్కర్లేదు.

ఇంకొకటి. పుట్టిన రోజే స్కాన్ తీసి, నీరు పోయిందని ఇంటికి పంపేస్తున్నారు. మొదటి రెండు రోజులూ బిడ్డకు మూత్రం తక్కువే తయారవుతుంది కాబట్టి ఉన్న వాపు కూడా అణిగినట్టు కనిపిస్తుంది. 48 గంటలు దాటాక తీయాలి, అది బాగున్నా నెలా నెలన్నరకు మరోసారి చూడాలి.

ఆగకూడని బిడ్డలు వేరే ఉన్నారు. ఉమ్మనీరు తగ్గినా, రెండు కిడ్నీలూ ఉబ్బినా, మగబిడ్డకు మూత్రాశయం గోడ దళసరిగా ఉన్నా పుట్టిన వెంటనే చూడాలి. మూత్రం బయటికొచ్చే దారిలో పుట్టుకతోనే పొర అడ్డుపడి ఉండొచ్చు. అలాంటప్పుడు ముందు సన్నని గొట్టం వేసి మూత్రం తీయాల్సి ఉంటుంది. ఉమ్మనీటిలో ఎక్కువ భాగం బిడ్డ మూత్రమే. అది బాగా తగ్గితే ఊపిరితిత్తులు కూడా సరిగా ఎదగవు.

ప్రసూతి ఆస్పత్రుల వారిని అడిగేది ఒక్కటే. తల్లి ఫైల్లో ఉన్న ఆ స్కాన్ సంగతి బిడ్డ డిశ్చార్జి కాగితంలోకి ఎక్కించండి. పక్కనే, మళ్లీ స్కాన్‌కు ఏ తేదీన రావాలో రాయండి. తల్లి ఫైలు బీరువాలోకి పోతుంది, మా దగ్గరికి వచ్చేది బిడ్డ కాగితమే.

- ఒక పిల్లల డాక్టరు