వాచీ ఛార్జింగ్‌లో పెట్టి వెళ్ళిన పాపకు

చిరంజీవి పాపకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం బాగున్నాం. తిరుపతిలో ఎండలు అప్పుడే ముదిరాయి. మీ అమ్మ మోకాలు ఎప్పటిలాగే ఉంది, తమ్ముడు ఎప్పటిలాగే లేటుగా లేస్తున్నాడు. ఇవన్నీ ఫోన్‌లో అనుకున్నవే. ఫోన్‌లో కుదరని సంగతి ఒకటుంది కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. ఫోనైతే రెండో మాటకే "సరే నాన్నా, మీటింగ్ ఉంది" అని పెట్టేస్తావు.

మొన్న సెలవులకి వచ్చినప్పుడు మంగళవారం, గోవా ఐరన్‌మ్యాన్ రేసుకని మీ కోచ్ మేడం రాసిచ్చిన ట్రైనింగ్ ప్లాన్‌లో రెస్ట్ అని ఉంది. ఆ ప్లాన్ నా ఫోన్‌కి పంపింది నువ్వే. రిటైరైనవాడికి చదువుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా, రోజూ చూస్తుంటాను. ఆ పొద్దున నీ గదిలో లైటు వేస్తే మంచం ఖాళీ. వాచీ మాత్రం టేబుల్ మీద ఛార్జింగ్‌లో ఉంది. వాచీ లేకుండా నువ్వు వీధి చివరికి కూడా నడవవు, అందుకని పాల ప్యాకెట్ కోసం వెళ్ళి ఉంటావులే అనుకున్నాను. ఎనిమిది దాటాక మంగాపురంలో ఉండే మా పాత కండక్టర్ ఫోన్ చేశాడు. "అన్నా, పాప శ్రీవారి మెట్టు దిగొస్తా ఉంది. కుడికాలు ఆనించలేక ఎత్తెత్తి పెడతా ఉంది, చూసుకో" అన్నాడు. 2388 మెట్లు ఎక్కడం ఒక్కటే అయితే పోనీలే అనుకుందును. దిగడం కూడా మెట్ల మీదే, అదీ కాలు నొప్పితో.

ఇంటికొచ్చి "ఊరికే నడిచొచ్చా నాన్నా" అన్నావు. రాత్రి ఐస్ ముక్కలు తువ్వాలులో చుట్టి కాలి ముందెముక మీద పెట్టుకుని కూర్చున్నావు. మర్నాడు మీ కోచ్ మేడం "నిన్న రెస్ట్ బాగా దొరికిందా, కాలెలా ఉంది" అని అడిగితే "ఫ్రెష్‌గా ఉన్నాను" అని కొట్టి, పక్కన కండలు తిరిగిన చెయ్యి బొమ్మ ఒకటి పెట్టావు. నేను పక్కనే ఇడ్లీ తింటున్నాను. నీ ఫోన్‌లో అక్షరాలు ఎంత పెద్దవిగా పెట్టుకున్నావంటే అద్దాలు లేకుండానే కనపడ్డాయి.

తిట్టడానికి రాయడం లేదు. నెలనెలా నువ్వు కష్టపడి సంపాదించిన డబ్బు ఆవిడకి ఫీజు కడుతున్నావు. అలాంటప్పుడు ఆవిడకి దొంగ లెక్క ఎందుకు చూపిస్తున్నావన్నదే నా ప్రశ్న.

నీకు ఈ గోవా పిచ్చి పట్టిన కొత్తలో నేను కూడా లెక్క చూసుకున్నాను. సముద్రంలో 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిల్, దాని మీద 21.1 కిలోమీటర్ల పరుగు. అన్నీ కలిపి 113. మనింటి నుంచి బయల్దేరితే చిత్తూరు దాటి ఇంకా చాలా దూరం పోవాలి. ఈతకి గంటా పది నిమిషాలు, మొత్తానికి ఎనిమిదిన్నర గంటలు గడువు. ఇది సగమేనని, అసలుది 226 కిలోమీటర్లని తమ్ముడు చెప్పినప్పుడు మీ అమ్మ టీవీ ఆపేసి "ఎవరికి?" అంది.

ఇంత పెద్ద పనికి కోచ్ అంటే ఈల వేసి తరిమే మనిషి అనుకున్నాను, మా హైస్కూల్లో డ్రిల్లు మాస్టారిలాగా. నీ ప్లాన్ చదవడం మొదలుపెట్టాక అర్థమైంది, ఆవిడ తరిమేది తక్కువ, ఆపేది ఎక్కువ. వారంలో రెండు రోజులు తప్ప మిగతావన్నీ మెల్లగా చేయమనే రాసుంటుంది. జూపార్కు రోడ్డులో నువ్వు పరిగెత్తుతుంటే నేను స్కూటర్ మీద వెంట వచ్చాను చూడు, ఆ రోజు పూర్తి వాక్యాలు మాట్లాడగలిగేంత నెమ్మదిగా పరిగెత్తమంది. నువ్వేమో "ఇలా అయితే ముసలివాళ్ళు కూడా దాటిపోతారు" అని విసుక్కున్నావు. నిజంగానే ఒకాయన దాటిపోయాడు, మంకీ క్యాప్ పెట్టుకుని. దాటిపోతే పోనీ. దేశాలకి ఆడే పెద్ద పెద్ద ఆటగాళ్ళు సైతం తమ ట్రైనింగ్‌లో ఐదింట నాలుగు వంతులు ఇలాగే తేలిగ్గా చేస్తారట. ఆ నెమ్మది పరుగులోనే కండలోకి సన్నటి రక్తనాళాలు పెరుగుతాయని, ఒంట్లో కొవ్వుని కరిగించి వాడుకోవడం అలవాటవుతుందని నాకు చెప్పింది నువ్వే. చెప్పడం వచ్చినంతగా ఆగడం రావాలి.

నేను ఆర్టీసీలో ఎక్కువ కాలం చేసింది ఘాట్ డ్యూటీ. తిరుమల టోల్‌గేట్ దగ్గర కార్లకి టైం వేసిన చీటీ ఇస్తారు గుర్తుందా? ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40. అంతకంటే ముందే చేరితే ఫైన్. ఊళ్ళో ఎక్కడైనా లేటుకి ఫైన్ వేస్తారు, మన కొండ మీద తొందరకి వేస్తారు. దిగడానికి ఎక్కువ టైం ఎందుకని కొత్తగా డ్యూటీకొచ్చిన కుర్రాళ్ళు అడిగేవాళ్ళు. ఎక్కేటప్పుడు బండి తనంతట తనే ముక్కుతూ ఆగుతుంది, దిగేటప్పుడు మనమే ఆపుకోవాలి. మలుపు రాకముందే చిన్న గేరులో పడాలి. అలా కాకుండా బ్రేకు మీద కాలేసుకుని దిగితే నాలుగు మలుపులకల్లా లైనర్ కాలిన వాసన వస్తుంది. ఆ తర్వాత పెడల్ అడుగంటా తొక్కినా బండి నిలవదు. నీకిప్పుడు దమ్ము పెరిగింది, సైకిల్ మీద స్పీడు పెరిగింది, అంతా జారుడుబల్ల మీద ఉన్నట్టుంది. రెస్ట్ అని రాసిన రోజు ఆ చిన్న గేరే అనుకో. బ్రేకు పడకపోయాక వేసేది కాదది.

కాలు సంగతికొస్తాను. మీ అమ్మ మోకాలు చూసే ఎముకల డాక్టర్ని నీ పేరు చెప్పకుండా అడిగాను. (పేరు చెప్పకపోయినా "మీ అమ్మాయికా?" అన్నాడు.) ఆయన చెప్పింది ఇదీ. పరుగు పెంచినప్పుడు గుండె, ఊపిరితిత్తులు తొందరగా అలవాటు పడతాయి, ఎముక వెనకబడుతుంది. ఎముక గట్టిపడే ముందు కొన్నాళ్ళు బలహీనపడుతుంది కూడా, పాతది తీసేసి కొత్తది కట్టుకోవాలి కాబట్టి. ఆ మధ్యలో దెబ్బ మీద దెబ్బ పడితే సన్నటి పగులు వస్తుంది. అందుకే దమ్ము బోలెడంత ఉన్నట్టే ఉంటుంది, కాలు మాత్రం మొరాయిస్తుంది. నొప్పి ఎముక పొడుగునా పరుచుకుని ఉంటే షిన్ స్ప్లింట్స్, అంటే పరుగు ఎక్కువై వచ్చే ముందెముక నొప్పి కావచ్చు, కొన్నాళ్ళు తగ్గించుకుంటే పోతుంది. ఒక్క వేలితో "ఇక్కడే" అని చూపించగలిగితే మాత్రం పగులేమోనని అనుమానించాలి. అది మొదటి వారాల్లో ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు, ఎంఆర్ఐ తీయించాలి. నువ్వు ఐస్ పెట్టుకున్నది ఒకే చోట. అరచెయ్యంత మేర కూడా లేదది. అప్పట్నుంచీ నాకు టెన్షన్‌గానే ఉంది.

మేడం చేతిలో ఉన్నదల్లా నీ వాచీ పంపే అంకెలు, నువ్వు చెప్పే మాట. గుండె ఎంత కొట్టుకుందో, ఎంత దూరం పోయావో వాచీ చెబుతుంది. అమెరికా కాల్స్‌తో రాత్రి రెండింటి దాకా మేలుకున్నావని, ఆఫీసులో ఎవరితోనో గొడవపడి అన్నం తినలేదని అది చెప్పదు. వాచీ ఇంట్లో ఉంటే అసలేమీ చెప్పదు. ఆవిడ మాత్రం నీ కాలు ఒక రోజంతా విశ్రాంతి తీసుకుందనుకుని, దాన్ని బట్టి పై వారం దూరం పెంచుతుంది. తప్పు లెక్క మీద కొత్త లెక్క. జ్వరం వచ్చినా అంతే. వైరల్ జ్వరంలో పరిగెత్తితే గుండె కండరానికి వాపు వచ్చే ప్రమాదం ఉందంటారు. కిందటిసారి "కొంచెం వేడిగా ఉందంతే" అని సైకిలెక్కావు, అది కూడా మేడంకి తెలిసి ఉండదని నా అనుమానం.

ఈ పేరా మీ అమ్మ పక్కన కూర్చుని చెప్పి రాయిస్తోంది. నెలసరి రెండు నెలలుగా రాలేదని దాంతో అన్నావట. ట్రైనింగ్‌లో ఇదంతా మామూలే అని కూడా అన్నావట. మామూలేం కాదు. ఒళ్ళు చేసే పనికి తిండి సరిపోకపోతే ముందు ఆగేది అదేనని, అది ఆగితే ఎముక కూడా నీరసపడుతుందని ఆ డాక్టరే చెప్పాడు. కాలి నొప్పికీ దీనికీ సంబంధం ఉండొచ్చు. మేడం ఆడమనిషే, సిగ్గుపడాల్సిందేమీ లేదు, ఆవిడతోనూ లేడీ డాక్టర్‌తోనూ చెప్పాలి. రక్తంలో ఐరన్ కూడా చూపించుకోమంటోంది. "బరువు తగ్గితే స్పీడు పెరుగుతుందని అన్నం మానేసింది నీ కూతురు" అని నన్ను చూసి అంటోంది, మానిపించింది నేనైనట్టు.

తిండి మాట వచ్చింది కాబట్టి అదీ చెప్తాను. సైకిల్ మీద గంటకి 60 గ్రాముల పిండిపదార్థం కడుపులో పడాలని, దానికి కడుపుకి కూడా ప్రాక్టీసు కావాలని మేడం రాసింది. మీ అమ్మ ఆ పూటే రాగి సంగటి, చెనిక్కాయల ఊరిమిండి చేసి పెట్టింది. రేసు పొద్దున సంగటి వద్దు, అరగడానికి టైం పడుతుంది అని మేడం చెప్పినందుకు మీ అమ్మకి ఇంకా కోపం తగ్గలేదు. లడ్డు జేబులో పెట్టుకుని తొక్కుతుందేమో అడుగు అంది. చక్కెర ఉంది సరే, అంత నెయ్యి ఉంటే పరుగులో కడుపులో అలాగే కూర్చుంటుందట. ప్రసాదం రేసయ్యాక తిందువుగాని. రేసు ముందు రోజు సంగతి తర్వాత, ఈ మామూలు రోజుల్లో మాత్రం సంగటి కడుపునిండా తిను.

ఈత గురించి నాకు బెంగ లేదు. నడుముకి బెండు కట్టుకుని బావిలో దూకిన రోజు నుంచీ నేను ఈదుతూనే ఉన్నాను, నీకూ అది వచ్చింది. సముద్రంలో అడుగున గీత ఉండదు కాబట్టి నాలుగు బారలకోసారి తల ఎత్తి గుర్తు చూసుకోమంది చూడు మేడం, ఆ ఒక్కటి పూల్‌లోనే అలవాటు చేసుకో.

ఇంకొకటి. ఇక్కడున్నన్నాళ్ళూ స్కూటర్ మీద వెంట వచ్చి నీళ్ళ సీసా, కొబ్బరి నీళ్ళు అందించాను. గోవాలో అలా కుదరదని, బయటివాళ్ళు ఏం అందించినా తప్పేనని తమ్ముడు రూల్సు చూపించాడు. 1978లో హవాయిలో ఈ ఐరన్‌మ్యాన్ మొదటిసారి పెట్టినప్పుడు 15 మంది దిగితే 12 మంది పూర్తి చేశారట. అప్పుడు ఎవరి మనుషుల్ని వాళ్ళే వెంటబెట్టుకోవాలి. ముందు పోతున్న జాన్ డన్‌బార్‌కి పరుగులో నీళ్ళు అయిపోతే వెంట ఉన్నవాళ్ళు బీరిచ్చారట, ఆయన రెండో స్థానంలో వచ్చాడు. నేనైతే కనీసం కొబ్బరి నీళ్ళిచ్చాను. కాబట్టి ఇకనుంచి నీ సీసా నువ్వే మోసుకో, ఉప్పు కలిపిన నీళ్ళు నింపుకో. ఉత్త నీళ్ళే అదేపనిగా తాగితే రక్తంలో సోడియం పడిపోయి కళ్ళు తిరుగుతాయి.

మేడంకి నేను ఫోన్ చేసి చెప్పగలను, నంబరు నా దగ్గరుంది. చేయను. అది నువ్వు చెప్పాల్సిన మాట. శనివారం నీకు లాంగ్ రైడ్, దిగిన వెంటనే పరుగు ఉన్నాయి. వాటికి ముందే చెప్పాలి, అదీ మెసేజ్‌లో కాదు, ఫోన్ చేసి. మంగళవారం ఎక్కడికెళ్ళావో, నొప్పి ఎన్నాళ్ళుగా ఉందో, అమ్మ రాయించిన సంగతి, మూడూ చెప్పు. పరుగు ఆపేసి కొన్ని వారాలు ఈత, సైకిలే చేయమంటే అలాగే చెయ్. ఈ ఏడు గోవా వద్దు, పై ఏడు చూద్దాం అన్నా సరే అను. రైలు టికెట్లు క్యాన్సిల్ చేస్తే పోయేది కొంచెం డబ్బే. గోవాకని మీ అమ్మ కొన్న టోపీలు ఎక్కడికీ పోవు.

స్కాన్ రాస్తే తీయించుకో, డబ్బులు నీ అకౌంట్‌లో వేశాను. తిరిగి పంపొద్దు. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఫోన్ చేస్తాను. మీటింగ్ లేని రోజు కాబట్టే ఆ రోజు చేస్తున్నాను. మేడం ఏమందో వరసగా చెప్పు.

మీ నాన్న