11 పిచ్ అడిగితే 15 పిచ్ ప్రొపెల్లర్ పంపి, మార్చబోమన్నందుకు ఫిర్యాదు

దిండి,
డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా.

విడిభాగాల విక్రయ విభాగం అధిపతి గారికి,

విషయం: 40 హెచ్.పీ. అవుట్‌బోర్డ్ (బోటు వెనక బయట బిగించే) ఇంజిన్‌కు పంపిన ప్రొపెల్లర్ మార్పిడి గురించి.

అయ్యా,

వశిష్ఠ గోదావరిలో దిండి నుంచి అంతర్వేది వైపు యాత్రికులను తీసుకువెళ్లే ఫైబరు బోటు నాది. గత నెలలో పాటు (సముద్రపు నీరు వెనక్కి తీసే) సమయంలో నీరు తగ్గి, ఇసుక మేట పక్కన ఎవరో వల కోసం పాతిన గుంజకు తగిలి పాత ప్రొపెల్లర్ రెక్క ఒకటి విరిగింది. దాని బొడ్డు మీద 11¼ × 13 అని చెక్కి ఉంది; అంటే వ్యాసం 11¼ అంగుళాలు, పిచ్ 13 అంగుళాలు. పిచ్ అంటే ప్రొపెల్లర్ ఒక్క చుట్టు తిరిగినప్పుడు, జారుడు ఏమీ లేకపోతే, నీటిలో ముందుకు సాగవలసిన దూరం. ఆ అంకెలు కనిపించేలా ఫొటో తీసి మీ ప్రతినిధికి పంపాను. అయితే నాకు కావలసింది 13 కాదని, 11 పిచ్ అని కూడా అదే సందేశంలో స్పష్టంగా రాశాను.

అలా అడగడానికి కారణం ఉంది. పూర్తి థ్రాటిల్ ఇచ్చినప్పుడు నిమిషానికి 5,000 నుంచి 6,000 చుట్లు తిరగాలని మా ఇంజిన్ పుస్తకం చెబుతోంది. పాత 13 పిచ్‌తో ఖాళీ బోటు 5,600 చుట్లు అందుకునేది గాని, పదిమంది ఎక్కాక 4,900 దాటేది కాదు. పిచ్ రెండు అంగుళాలు తగ్గిస్తే సుమారు 300 నుంచి 400 చుట్లు పెరుగుతాయి కాబట్టి, 11 పిచ్ వేస్తే బరువుతో కూడా ఇంజిన్ దాని హద్దుల్లోనే పనిచేస్తుందని లెక్క వేసుకున్నాను.

మీరు పంపిన పెట్టె మీద 15 అని ఉంది. బిగించకముందే ఫోను చేశాను. పిచ్ ఎక్కువైతే వేగం ఎక్కువ వస్తుందని, 40 హెచ్.పీ. ఇంజిన్లన్నిటికీ ఇదే ఇస్తున్నామని, సరిపోకపోతే మార్చి ఇస్తామని మీ ప్రతినిధి చెప్పారు. ఆ మాట సందేశంగా కూడా పంపారు. స్ప్లైన్లు (షాఫ్టు మీద ప్రొపెల్లర్‌ను పట్టి ఉంచే గాళ్లు), తిరిగే దిశ సరిగ్గానే కుదిరాయి, ఆ మేరకు తప్పు పట్టను. ఆ భరోసాతోనే బిగించాను.

పిచ్ పెంచితే వేగం దానంతటదే రాదు, దాన్ని లాగే సత్తువ ఇంజిన్‌కు ఉండాలి. మోటారు సైకిల్ మీద ముగ్గురిని ఎక్కించుకుని చించినాడ వంతెన ఎత్తును టాప్ గేరులోనే ఎక్కాలని చూస్తే ఇంజిన్ ఎలా గింజుకుంటుందో, మా బోటు ఇంజిన్ పరిస్థితీ అంతే అయింది. మొదటి రోజే అంతర్వేది నుంచి పాటుకు ఎదురుగా పదిమందితో తిరిగి వస్తుంటే థ్రాటిల్ పూర్తిగా తిప్పినా మీటరు 4,500 దగ్గరే ఆగిపోయింది. బోటు ముందు భాగం పైకి లేచి, వెనక భాగం నీటిలో కుంగి, సరంగుకు ఎదుట ఏముందో కనిపించకుండా పోయింది. యాత్రికులను ముందుకు జరిపి కూర్చోబెట్టి, థ్రాటిల్ తగ్గించి, నెమ్మదిగా ఒడ్డుకు చేర్చాము. చుట్లు అందని ఇంజిన్‌ను అలాగే బలవంతంగా నడిపితే సిలిండర్లలో ఒత్తిడీ వేడీ పెరిగి పిస్టన్లు, బేరింగులు దెబ్బతింటాయి కనుక ఆ మరునాడే దాన్ని విప్పించాను.

ఈ సంగతి తెలిపితే మీ సాంకేతిక సిబ్బంది ఖాళీ బోటుతో నడిపి చూడమన్నారు. 5,200 చుట్లు వచ్చాయి. హద్దుల్లోనే ఉంది గనుక లోపం లేదని రాసి పంపారు. ఖాళీ బోటుతో పరీక్షించి మనుషులు ఎక్కే బోటుకు ప్రొపెల్లర్ నిర్ణయించడం ఏ విధంగా సరైనదో దయచేసి చెప్పండి. నా బోటు బరువుతో తిరిగేది, నా జీవనం ఆ బరువు మీదే ఆధారపడి ఉంది.

తరువాత, బిగించినందువల్ల గీతలు పడ్డాయి, వెనక్కి తీసుకోము అన్నారు. కావాలంటే స్టెయిన్‌లెస్ స్టీలుది కొనమని సలహా ఇచ్చారు. అడిగిన పిచ్ ఇవ్వకుండా లోహం మార్చమనడం జవాబు కాదు. పైగా ఇసుక మేటలు, గుంజలు ఉన్న మా నీళ్లలో నేను అల్యూమినియం ప్రొపెల్లర్‌నే ఎంచుకుంటాను. గట్టి దెబ్బ తగిలితే దాని రెక్క వంగుతుంది లేదా విరుగుతుంది, కాని లోపలి గేర్లు మిగులుతాయి. స్టీలు రెక్క అంత తేలిగ్గా వంగదు, ఆ దెబ్బను షాఫ్టుకూ గేర్లకూ చేరవేస్తుంది. మధ్యలో రబ్బరు బుష్ ఉన్నా, ప్రతి దెబ్బా అదే తీసుకుంటుందని నమ్మి గేర్ బాక్సును పణంగా పెట్టలేను.

కాబట్టి, అదే స్ప్లైన్లకు సరిపోయే మూడు రెక్కల అల్యూమినియం ప్రొపెల్లర్‌ను 11 పిచ్‌తో పంపాలి. మీ వద్ద లేకుంటే సొమ్ము పూర్తిగా తిరిగి ఇవ్వాలి. రెండు వైపుల రవాణా ఖర్చు మీరే భరించాలి. అంతకంటే ముఖ్యంగా, ఆర్డరు తీసుకునే మీ సిబ్బంది హార్స్ పవర్ ఒక్కటే అడిగి ఊరుకోకుండా, పాత ప్రొపెల్లర్ అంకెలు, బరువుతో పూర్తి థ్రాటిల్ మీద వచ్చే చుట్లు, బోటు ఎక్కించే మనుషుల సంఖ్య అడిగి తెలుసుకునేలా చూడండి. ఈ రేవులోనే మరికొందరు మీ వద్ద ప్రొపెల్లర్లు కొనబోతున్నారు.

పదిహేను రోజుల్లో సమాధానం రాకపోతే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కొనుగోలుదారు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేసే హక్కు ఇచ్చింది కనుక, వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను. బిల్లు, మీ ప్రతినిధి సందేశం, మీటరు ఫొటోలు జత చేస్తున్నాను. ప్రొపెల్లర్‌ను శుభ్రం చేసి, మీ పెట్టెలోనే పెట్టి ఉంచాను, ఎప్పుడు మనిషిని పంపినా అప్పగిస్తాను.

ఇట్లు,
బోటు యజమాని,
దిండి.