పాత కట్టడాల్లోకి ఒక్కదానివే వెళ్లకు

చిన్నారీ,

నీ గొంతు విని చాలా రోజులైంది. పనిలో మునిగి ఉంటావని అమ్మకు సర్దిచెబుతున్నాను. అక్క పంపిన నీ మట్టి శిల్పాల ఫొటోలు చూశాను, అచ్చం పాత గోడల్లా ఉన్నాయి. ఐరన్ ఆక్సైడ్ పూసి తెచ్చిన ఆ మరకలు చూసి నిజంగానే తుప్పు కారిందనుకున్నాను. ఆ పెచ్చులు లేచిన తెల్ల గ్లేజు, అదే ఆ గాజులాంటి పూత, ఇంకా బాగుంది. మెగ్నీషియం కార్బొనేట్ ఎక్కువ వేస్తే పూత ఆరేటప్పుడే బీటలు వారి, బట్టీలో ముడుచుకుపోయి దీవుల్లా నిలుస్తుందని నువ్వే చెప్పావు కదా.

అలాంటి గోడలు చూడ్డానికి మూతబడ్డ మిల్లులోకి ఒక్కదానివే వెళ్లావని బావ నోరు జారాడు. నిజమేనా?

సరే, అది తర్వాత. అమ్మ మోకాలు నయం. నేను చార్లెస్ సైమండ్స్ అనే శిల్పి గురించి చదివాను. 1970ల్లో న్యూయార్క్ వీధుల్లో, పాడుబడ్డ గోడల సందుల్లో పచ్చిమట్టితో బుల్లి ఇటుకలు చేసి, ఊహల్లోని చిట్టి మనుషుల కోసం ఇళ్లు కట్టేవాడట. కాల్చకుండా అలాగే వదిలేసేవాడు, చాలావరకు పాడైపోయాయి. అతను కట్టింది నలుగురూ తిరిగే వీధిలో, అది గమనించు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పాత గోడౌను చూడ్డానికి మేస్త్రీతో వెళ్లాను. మెట్లు దిట్టంగానే కనిపించాయి. కాలు పెట్టబోతుంటే ఆయన చెయ్యి అడ్డం పెట్టి, సుత్తితో మెట్టు మీద కొట్టాడు. డొల్ల చప్పుడు. పై మెట్టూ అంతే. ఇంకో దెబ్బకు అడుగున పెద్ద పెచ్చు ఊడిపడి, లోపలి కడ్డీ కనిపించింది, పొరలు పొరలుగా ఉబ్బిపోయి. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. కాంక్రీటును లోపలి నుంచే చీలుస్తుంది. ఆరోజు ఆయన ఒక్కో స్తంభం కొట్టి, ఏది గట్టిదో ఏది డొల్లో నాకు వినిపించాడు. కాల్చిన గిన్నెను వేలితో తట్టి బీట పట్టేస్తావు, ఆ చెవి నీకూ ఉంది. కానీ చెయ్యి అడ్డం పెట్టే మనిషి పక్కన ఉండాలి కదమ్మా.

పాత రంగుల్లో సీసం ఉండొచ్చు, గోకకు. కప్పు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, విరిగిన ముక్కలు ఇంటికి తేవద్దు. పావురాల రెట్ట ఎండి లేచే దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. నీ స్టూడియోలోనూ అంతే, మట్టి దుమ్ములో సిలికా ఉంటుంది కాబట్టి పొడిగా ఊడవకు, తడిగుడ్డతో తుడువు. గుడ్డ మాస్కు చాలదు, ఎన్95 పెట్టుకో. బట్టీ నడిచేటప్పుడు కిటికీలు తెరిచి ఉంచు. అరిగిన చెప్పులతో తిరుగుతున్నావేమో, బూట్లు కొనుక్కో. టెటనస్ ఇంజక్షన్ ఎప్పుడు వేయించుకున్నావు? రాత్రిళ్లు నిద్రపోతున్నావా?

ఆ పని మానమనడం లేదు. పాత గోడను నీలా చూసేవాళ్లు నాకెవరూ తారసపడలేదు. మళ్లీ ఆ మిల్లుకు వెళ్లాలనుకుంటున్నావట. నేనూ వస్తాను, రిటైరైనవాణ్ణి, సెలవు అడగక్కర్లేదు. ఏ రోజో చెప్పు.

నాన్న