న్యూరాన్ల గురించి రాశారు, వాటిని పెంచే కణాల గురించీ రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పిల్లల మెదడు ఎదుగుదల మీద మీ ఆదివారం పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. మొత్తం న్యూరాన్ల గురించే, అంటే సంకేతాలు మోసే నాడీ కణాల గురించే ఉంది, వాటి చుట్టూ ఉండే గ్లియల్ కణాలను మాత్రం 'సహాయక కణాలు' అని ఒక్క ముక్కలో దాటేశారు. నేను హన్మకొండలో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతాను, పరీక్షల తొందరలో క్లాసుల్లో కూడా వీటికి దక్కేది ఐదు నిమిషాలే. కానీ కడుపులో బిడ్డ మెదడు తయారయ్యేటప్పుడు ఈ కణాలు లేకపోతే న్యూరాన్ తన చోటికే చేరలేదు.

పిండం మెదడులో లోపలి అంచు నుంచి పై అంచు దాకా రేడియల్ గ్లియా అనే పొడవాటి కణాలు ఉంటాయి. చాలా న్యూరాన్లు వీటి నుంచే పుట్టి, బీరతీగ పందిరి గుంజను పట్టుకుని ఎక్కినట్టు వీటినే పట్టుకుని పైకి పాకుతాయి. ఈ ప్రయాణాన్ని కోతి పిండాల్లో పాస్కో రాకిచ్ అనే శాస్త్రవేత్త 1972లోనే చూపించారు. చోటు చేరాక న్యూరాన్లు ఒకదానితో ఒకటి కలవాలి కదా, అక్కడ ఆస్ట్రోసైట్లు అనే మరో రకం గ్లియల్ కణాలు వస్తాయి. స్టాన్‌ఫర్డ్‌లో బెన్ బారెస్ బృందం 2001లో ఎలుక కంటి న్యూరాన్లను విడిగా పెంచితే సినాప్సులు, అంటే న్యూరాన్లు కలిసే చోట్లు, చాలా తక్కువ ఏర్పడ్డాయి, పక్కన ఆస్ట్రోసైట్లు ఉంచితే దాదాపు ఏడు రెట్లు పెరిగాయి.

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది మయలిన్ తొడుగు, అంటే సంకేతం వేగంగా వెళ్లేలా న్యూరాన్ తీగ చుట్టూ ఉండే కొవ్వు పొర. చేతులు కాళ్లకు వెళ్లే నరాల్లో ష్వాన్ కణాలు అనే గ్లియల్ కణాలు ఈ తొడుగు చుడతాయి, ఎంత మందం చుట్టాలో ఆక్సానే, అంటే ఆ న్యూరాన్ తీగే, న్యూరెగ్యులిన్ అనే ప్రోటీన్ ద్వారా చెబుతుంది. న్యూరాన్లకూ ష్వాన్ కణాల అవసరం ఉంది, ష్వాన్ కణాలు లేకుండా పెరిగిన చిట్టెలుక పిండాల్లో ఆ నరాల న్యూరాన్లు మొదట బాగానే పుట్టినా పుట్టుక సమయానికి చాలావరకు చనిపోయాయి. మెదడులో ఇదే చుట్టే పని ఒలిగోడెండ్రోసైట్లు అనే గ్లియల్ కణాలది. అది పుట్టకముందే మొదలై, మొదటి రెండేళ్లలో జోరుగా సాగి, మెదడు ముందు భాగంలో ఇరవై ఏళ్లు దాటాక కూడా నడుస్తుంది.

ఆ ఒలిగోడెండ్రోసైట్లకు ఐరన్ చాలా కావాలి. చిలీలో 1998లో వచ్చిన పరిశోధనలో, ఐరన్ లోపంతో రక్తం తగ్గిన ఆరు నెలల పిల్లల్లో చెవి నుంచి మెదడుకు సంకేతం ఆలస్యంగా వెళ్తున్నట్టు తేలింది, మందు ఇచ్చినా ఆ తేడా పోలేదు. మన తెలంగాణలో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఐదేళ్లలోపు పిల్లల్లో పదిమందిలో ఏడుగురికి రక్తహీనత ఉంది! ఇది చదివాక నాకు నిజంగా టెన్షన్ పట్టుకుంది.

మా చుట్టుపక్కల ఊళ్లలో ఆశా కార్యకర్తలు గర్భిణులకు ఐరన్ గోలీలు ఇంటికి తెచ్చి ఇస్తారు, అవి చాలా ఇళ్లలో అల్మారాలోనే ఉండిపోతాయి. వేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుందని అత్తలు భయపెడతారు. కడుపులో తిప్పుతుందని, మలం నల్లగా వస్తుందని కోడళ్లు మానేస్తారు. మలం నల్లబడితే ప్రమాదం లేదని, బిడ్డ రంగుకు ఈ గోలీకి సంబంధమే లేదని మీ పేపర్ రాస్తే జనం నమ్ముతారు, మేం చెబితే వినేవాళ్లు తక్కువ.

అందుకే అడుగుతున్నాను, సెప్టెంబరులో పోషణ మాసం జరిగేటప్పుడు ఒక అర పేజీ దీనికి ఇవ్వండి. నాలుగో నెల నుంచి రోజూ ఒక గోలీ చొప్పున 180 రోజులు, కాన్పు అయ్యాక మరో 180 రోజులు వేసుకోవాలని రాయండి. చాయ్‌తో వేసుకోవద్దని, తిప్పితే రాత్రి అన్నం తిన్నాక వేసుకోమని, ఆరు నెలలు దాటిన పిల్లలకు వారానికి రెండుసార్లు ఇచ్చే ఐరన్ సిరప్‌ను అంగన్‌వాడీలో, ఆశా దగ్గర అడిగి తీసుకోమని కూడా రాయండి. దాని పక్కనే గ్లియల్ కణాల బొమ్మ ఒకటి వేయండి, మా ఇంటర్ పిల్లలు కత్తిరించి దాచుకుంటారు.

ఇట్లు
ఒక జువాలజీ లెక్చరర్, హన్మకొండ