రిసెప్షన్ పాటల సంగతి

చిన్నా,

నీ పెళ్లి రిసెప్షన్‌కని నువ్వు వాట్సాప్‌లో పంపిన పాటల లిస్టు నాన్న, నేను కూర్చుని మొత్తం విన్నాం. నీ ఫ్రెండ్స్ ఎగరడానికి బాగుంది. మిగతా జనం సంగతే అందులో ఎక్కడా కనపడలేదు. ఫోన్‌లో చెబితే "సరేలే అమ్మా" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నా.

మన ఖమ్మంలో రిసెప్షన్ ఎలా జరుగుతుందో ఒక్కసారి గుర్తు తెచ్చుకో. ఏడింటి నుంచి జనం వస్తారు. వచ్చినవాళ్లు వచ్చినట్టు స్టేజీ పక్కన లైన్ కడతారు. అక్షింతలు వేసి, కవరు చేతిలో పెట్టి, ఫొటో దిగి భోజనాలకు వెళ్తారు. ఆ లైన్ తొమ్మిది దాటినా తెగదు. అందాకా మీ ఇద్దరికీ నీళ్లు తాగడానికే తీరిక ఉండదు, ఇంక డ్యాన్స్ ఎక్కడ? పైగా కాకినాడ నుంచి అమ్మాయి తరఫు వాళ్లు బస్సు వేసుకుని వస్తున్నారు. వాళ్లకీ మనవాళ్లకీ పరిచయాలయ్యేది అక్కడి కుర్చీల్లోనే. "మీరు అమ్మాయికి ఏమవుతారండీ" అన్న ముక్క కూడా అరిచి అడగాల్సి వస్తే ఎవరికి మాట్లాడాలనిపిస్తుంది? మొన్నొక పెళ్లిలో సౌండ్ బాక్సులు సరిగ్గా పెద్దవాళ్ల వరసకు ఎదురుగా పెట్టారు. మీ నాయనమ్మ వినికిడి మిషన్ తీసి పర్సులో వేసుకుని కూర్చుంది. ఇంటికొచ్చాక పెట్టుకుంది మళ్లీ.

కాబట్టి డీజే అబ్బాయితో పాటల కంటే ముందు బాక్సుల గురించి మాట్లాడు. డ్యాన్స్ చేసే వైపే తిప్పి పెట్టమను. భోజనాల వైపు ఒక్కటి కూడా వద్దు. లైన్ నడిచినంతసేపూ వీణ మీదో ఫ్లూట్ మీదో వాయించిన సినిమా పాటలు, మెల్లగా సాగే ఇళయరాజా పాటలు చాలు. నాన్న ఒకే ఒక్క పాట అడిగారు, 1981లో వచ్చిన సీతాకోకచిలుకలోని 'మాటే మంత్రము'. అది వేయించు. మీ మామయ్య మాత్రం 'శ్రీ సీతారాముల కల్యాణము చూతము రారండి' ఉండాల్సిందే అంటున్నాడు. 1961 నుంచి ఆ పాట లేని తెలుగు పెళ్లి ఉందా? ముహూర్తం రోజు అక్కడ ఎలాగూ వేస్తారు, మళ్లీ రిసెప్షన్‌లో ఎందుకు? మామయ్యకు నేను చెప్పుకుంటాలే.

పాట పేరు ఒక్కటే రాసి ఇవ్వకు. సినిమా పేరు, పాడినవాళ్ల పేర్లు కూడా రాయి. లేకపోతే ఆ అబ్బాయి పెన్‌డ్రైవ్‌లో ఉన్న రీమిక్స్ వేస్తాడు. మంచి చరణం మధ్యలో "డీజే ఫలానా" అని అతని పేరే అరుస్తూ ఉంటుంది. ఒరిజినల్ పాటలు నువ్వే ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి ఇస్తే గొడవే లేదు. హాల్లో నెట్ ఉంటుందని మాత్రం నమ్ముకోకు.

ఇక నీ పార్టీ. లాన్‌లో అయితే పదింటికి ఆపాల్సిందే. శబ్ద కాలుష్యం మీద 2000లో వచ్చిన రూల్స్ ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదు. 2005లో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. "పెళ్లే కదా, ఎవరేమంటారు" అనకు. హాలు వెనక వీధిలో అన్నీ ఇళ్లే, పరీక్షలకు చదువుకునే పిల్లలుంటారు. తలుపులు మూసిన హాలు లోపల, అక్కడివాళ్ల వరకే వినపడేలా వేసుకోవడానికి రూల్స్‌లోనే మినహాయింపు ఉంది. అందుకని పైనున్న చిన్న ఏసీ హాలు కూడా మాట్లాడాం. లైన్ తెగగానే నువ్వు, నీ ఫ్రెండ్స్, కాకినాడ పిల్లలు అక్కడికి వెళ్లండి. చిన్న బాక్సులతో తీన్మార్ వేసుకుంటారో ఇంకేం వేసుకుంటారో మీ ఇష్టం. నేనూ వస్తా కాసేపు.

అన్నట్టు, హాలు మేనేజర్ పాటల లైసెన్స్ అంటూ విడిగా డబ్బు అడిగాడు. నాన్న సంగతి తెలుసుగా, ఊరుకుంటారా? 1957 నాటి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ ప్రకారం పెళ్లి ఊరేగింపులో గానీ, పెళ్లికి సంబంధించిన వేడుకల్లో గానీ పాటలు వేస్తే ఉల్లంఘన కిందికి రాదు. దీనికి రాయల్టీ వసూలు చేయకూడదని కేంద్రం 2023 జులైలో పబ్లిక్ నోటీసు కూడా ఇచ్చింది. నాన్న ఆ కాగితం ప్రింట్ తీసి బల్ల మీద పెట్టేసరికి అతను మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

నీ లిస్టులో 'బుల్లెట్టు బండి' చూశాను. 2021లో మంచిర్యాల పెళ్లికూతురి వీడియో ఫోన్లన్నీ తిరిగింది చూడు, అప్పటి నుంచి ప్రతి పెళ్లికూతురినీ ఆ పాటకు ఆడమంటున్నారు. ఆ అమ్మాయికి ఇష్టముండి ఆడింది, అందుకే అంత ముచ్చటగా ఉంది. మన కోడలిది కొంచెం బిడియం. సర్‌ప్రైజ్ అని మైకులో పేరు పిలిపించి లాగితే, ఆరొందల మంది ముందు కాదనలేక ఏడుపు ముఖంతో నిలబడుతుంది. ముందే అడుగు. వద్దంటే తీసెయ్.

లిస్టులో రెండు బ్రేకప్ పాటలున్నాయి. బీట్ బాగుంటే సరిపోతుందా, మాటలు వినవా? డబుల్ మీనింగ్ పాటలు పైహాల్లో కూడా వద్దు, అమ్మాయి అత్తయ్యలు వచ్చి కూర్చుంటారు. ఇంకోటి, ఒకే హీరో పాటలు వరసగా నాలుగు వేయించకు. బాబాయ్ కొడుకులిద్దరూ ఏ హీరోకి ఎవరు ఫ్యానో నీకు తెలుసు. మొదట ఈలలు, తర్వాత కేకలు, ఆ తర్వాత నేనే మధ్యలోకి వెళ్లాలి.

డీజే దగ్గరికి ప్రతివాళ్లూ వెళ్లి పాట అడగకుండా అక్కను అక్కడ పెడుతున్నాం. ఎవరికేం కావాలన్నా అక్కకు చెప్పాలి. నీ ఫ్రెండ్స్‌కి కూడా ఇది ముందే చెప్పు.

ఆదివారం నాన్న వెళ్లి అడ్వాన్స్ ఇస్తారు. ఏ టైమ్‌కి ఏ పాటలు, ఎంత సౌండు, ఎప్పుడు ఆపాలి అన్నీ అప్పుడే కాగితం మీద రాయించుకుంటారు. కాబట్టి మార్చిన లిస్టు శనివారం రాత్రికల్లా పంపు. అమ్మాయికి చూపించాకే పంపు.

అమ్మ