బుచ్చమ్మను కత్తిరించకండి

సంపాదకులకు,

గురజాడ ‘కన్యాశుల్కం’ నాటకాన్ని రెండు గంటలకు కుదించే నాటక సమాజాలు గిరీశం, మధురవాణి సంభాషణలు జాగ్రత్తగా ఉంచుకుని మొదటి వేటు బాలవితంతువు బుచ్చమ్మ మీద వేస్తున్నాయి. 1909 నాటి ఏడంకాల ప్రతిలో కోతలు తప్పవు, ఒప్పుకుంటాం. కానీ ఈ పిల్లను ముసలివాడికి అమ్మిందీ, ఇప్పుడు చెల్లెలు సుబ్బిని పద్దెనిమిది వందలకు మరో ముసలివాడు లుబ్ధావధానుల కిస్తానంటున్నదీ ఒకే తండ్రి. ఆ ముక్క మొదటి అరగంటలో వినబడకపోతే తల్లి వెంకమ్మ నూతిలో దూకడం ఉత్త గయ్యాళితనంలా కనిపిస్తుంది.

గిరీశం వితంతు వివాహం గురించి బుచ్చమ్మకు చెప్పే రంగాన్ని చాలామంది పరుగుపెట్టిస్తారు. నవ్వు అతని మాటల్లో ఉంది. బుచ్చమ్మ పాత్రధారిణి మాత్రం వాటిని పూర్తిగా నమ్మి వినాలి. ప్రశ్న అడిగే ముందు కాస్త ఆగితే చాలు, ప్రేక్షకుల నవ్వు మధ్యలోనే తెగుతుంది. ఆమె కూడా కొంటెగా నవ్విందా, రంగం పోయినట్టే. బొట్టూ, పూలూ, మెరిసే చీరా పెట్టి తీసుకొచ్చేవాళ్లున్నారు, వాళ్లకి దండం.

చివర వకీలు సౌజన్యారావు బుచ్చమ్మను పూనా వితంతు శరణాలయానికి పంపుతానన్న మాట కూడా తీసేస్తున్నారు. గిరీశం చేజారిందనుకుంటున్నది బుచ్చమ్మతో పెళ్లే కదా! అది లేకుండా ఆఖర్న అతను ‘డామిట్, కథ అడ్డంగా తిరిగింది’ అంటే చప్పట్లు పడతాయి గానీ, కథ దేనికి అడ్డం తిరిగిందో కొత్త ప్రేక్షకుడికి బోధపడదు.

– ఒక రంగస్థలాభిమాని, విజయనగరం