మోకాళ్లు అరిగింది ఎక్కడ?

మోకాళ్లు అరిగాయని ఇంటికి పంపిన జవాన్లకు ‘ఇది సర్వీసు వల్ల వచ్చింది కాదు’ అని వైద్య బోర్డు ఒక్క ముక్క రాసేసి వైకల్య పెన్షన్ ఆపడం అన్యాయం. భర్తీ రోజున పరుగెత్తించి, కీళ్లు వంచి చూసి ఫిట్ అని రాసుకున్నదీ సైన్యమే కదా! చేరేటప్పుడు నమోదు కాని జబ్బుతో వైద్య కారణాలపై పంపిస్తే అది సర్వీసు వల్లే వచ్చినట్టు భావించాలని, కాదని నిరూపించాల్సింది ప్రభుత్వమేనని సుప్రీంకోర్టు 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో చెప్పింది. హనుమకొండ, కాజీపేటల్లో నాకు తెలిసిన మాజీ సైనికులు చాలామందికి ఈ తీర్పు సంగతే తెలియదు. కొండల మీద బరువులు మోసిన రోజుల్లో, నొప్పి అంటే పనిదొంగ అంటారని మాత్ర మింగి డ్యూటీ చేశారు తప్ప కాగితం మీద పెట్టించుకోలేదు. ఇప్పుడు అడుగుతున్నది ఆ కాగితమే. సైనికుల కేసులు చూసే సాయుధ దళాల ట్రిబ్యునల్‌లో మనది చెన్నై బెంచి పరిధి. మెట్లెక్కలేని మనిషికి అక్కడ కేసు నడపడం పెద్ద టెన్షన్. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో నెలకోసారి వరంగల్ ఎంజీఎం ఆస్పత్రి ఎముకల డాక్టరును, న్యాయసేవాధికార సంస్థ లాయరును కూర్చోబెట్టి, సైన్యం రికార్డ్స్ ఆఫీసు నుంచి మెడికల్ పత్రాలు తెప్పించి అప్పీళ్లు అక్కడే రాయించాలి. బోర్డు కూడా ఏ పోస్టింగులో ఏ పని చేశాడో చూసి, ‘కాదు’ అంటే ఎందుకు కాదో రాయాలి.

– ఒక మాజీ హవల్దార్, కాజీపేట